ఊరికే ఇచ్చిన సొత్తుకు బ్రోకర్ కమీషన్: గొడవ పడకుండా తేల్చుకునే పద్ధతి

"అమ్ముదామని బ్రోకర్‌కు చెప్పిన ప్లాటు చివరికి కూతురికే రాసిచ్చినాం. ఇప్పుడు ఆయన రెండు శాతం అడుగుతున్నాడు. ఇవ్వాలా?" అనంతపురంలో దస్తావేజులు రాసే నా దగ్గరికి నెలకు ఒకరైనా ఈ ప్రశ్నతో వస్తారు. వాళ్ల వెనకాలే బ్రోకరూ వస్తాడు. "ఊరికే ఇస్తివి సరే, నా తిరుగుడు కూడా ఊరికేనా?" అంటాడు.

ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంటుంది. చిక్కంతా శాతం దగ్గరే. ధర ఉంటేనే శాతం కట్టగలం. ధరే లేకపోతే దేని మీద కడతారు? అందుకే ఈ లెక్కను శాతంతో మొదలుపెట్టకూడదు. కింద చెప్పిన వరుసలో వెళ్లండి. ఇచ్చినవాళ్లకు, తీసుకున్నవాళ్లకు, బ్రోకర్‌కు ముగ్గురికీ ఇదే వరుస.

## 1. ముందు అది ఏ రకం 'ఊరికే'నో తేల్చండి

ఊరికే ఇచ్చాం అని అందరూ ఒకే మాట అంటారు గానీ, దాని వెనక అయిదు వేరు వేరు వ్యవహారాలు ఉంటాయి. మీది ఏదో తేల్చకుండా డబ్బు మాట ఎత్తకండి.

అ) అమ్మబోయి మనసు మార్చుకున్నది. బ్రోకర్ పార్టీలను తెచ్చి చూపించాడు. తర్వాత ఇంట్లో మాట్లాడుకుని, అమ్మడం మానేసి బిడ్డకో తమ్ముడికో దాన సెటిల్‌మెంట్ రాశారు. ఎక్కువ గొడవలు ఇక్కడే.

ఆ) తీసుకునేవాళ్లను వెతకమన్నది. ఇక్కడ మొదటినుంచీ ధర లేదు. పాత మట్టిమిద్దె పడగొట్టి "దూలాలు, దంతెలు, తలుపులు ఎవరైనా తీసుకుపోతే చాలు, జాగా ఖాళీ కావాలి" అంటారు. ముసలి ఎద్దులను గోశాలకు చేర్చమంటారు. మూలన పడిన ట్రాక్టర్ ట్రాలీని వదిలించుకుంటారు. మధ్యవర్తి మనిషిని తెచ్చి పని పూర్తి చేస్తాడు.

ఇ) కొసరు. ఇల్లు కొంటే మంచాలు, ఇన్వర్టర్, బోరు మోటారు ఊరికే. ఎద్దుల జత కొంటే బండి ఊరికే.

ఈ) పేరుకు దానం, లోపల డబ్బు. కాగితంలో ప్రేమాభిమానాలు, చేతిలో నోట్ల కట్టలు. ఇది దానం కాదు, అమ్మకమే.

ఉ) మార్పిడి. నా రుద్రంపేట ప్లాటు నీకు, నీ ఊరి బయటి పొలం నాకు. రూపాయి చేతులు మారలేదు కాబట్టి ఊరికే అనుకుంటారు. ఒక సొత్తుకు బదులు ఇంకో సొత్తు వచ్చింది కదా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 118వ సెక్షన్ దీన్ని విడిగానే చెప్పింది.

తేల్చుకోవడానికి ఒకటే ప్రశ్న: ఇచ్చినవాళ్లకు బదులుగా ఏదైనా వచ్చిందా? డబ్బు, భూమి, అప్పు మాఫీ, పెళ్లి ఖర్చు, ఏదైనా సరే. వచ్చి ఉంటే అది ఊరికే కాదు. రాకపోతేనే అ, ఆ రకాల లెక్క.

## 2. కాగితాలు, ఫోను సర్దుకోండి

మాట్లాడటానికి కూర్చునే ముందు రోజే ఇవి పక్కన పెట్టుకోండి:

- బ్రోకర్‌తో రాసుకున్న చీటీ, అగ్రిమెంట్ ఏదున్నా. సిగరెట్ పెట్టె వెనక రాసిన అంకెలైనా సరే.
- వాట్సాప్ మెసేజీలు. స్క్రీన్‌షాట్‌తో ఆపకండి, ఫోనులోని అసలు మెసేజీలు చెరపకండి. కోర్టు దాకా పోతే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. అసలు ఫోను ఉంటే ఆ పని తేలిక.
- బయానా లేదా టోకెన్ ఇచ్చిన రసీదు, ఫోన్‌పే వివరాలు.
- దాన సెటిల్‌మెంట్ నకలు. అందులోని తేదీ ముఖ్యం.
- తాజా ఈసీ, అంటే సొత్తు ఎప్పుడు ఎవరి చేతులు మారిందో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం.
- పార్టీలు చూడటానికి వచ్చిన తేదీలు. గుర్తు లేకపోతే కాల్ లిస్టు చూసి రాసుకోండి.
- బ్రోకర్ అయితే: పెట్రోలు, పేపర్ ప్రకటన, ఫ్లెక్సీ, ఈసీ తీయించిన ఖర్చు. బిల్లు లేనిదాన్నీ రాయండి, కానీ 'బిల్లు లేదు' అని పక్కన రాయండి. ఆ రెండు మాటలతో మిగతా లెక్క మీద నమ్మకం వస్తుంది.

భూమి అయితే ఇంకొకటి చూడాలి. అది డీకేటీ పట్టానా (సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి), రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా? అసైన్డ్ భూమి బదిలీ మీద 1977 చట్టం పెట్టిన నిషేధం అమ్మకానికే కాదు, దానానికీ వర్తిస్తుంది. ఆ తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి గానీ అవి మీ పట్టాకు వర్తిస్తాయో లేదో ఎమ్మార్వో ఆఫీసులో కనుక్కున్నాకే ముందుకు పోండి. బదిలీయే చెల్లనప్పుడు దాని మీద కమీషన్ కోసం కొట్లాడటం దండగ.

## 3. మాట దేనికి ఇచ్చారో గుర్తు చేసుకోండి

కమీషన్ ఎంత అని కాదు, ఏం జరిగితే ఇస్తామన్నారు అని అడగండి. మన వైపు ఈ మాట మూడు రకాలుగా అంటారు. వింటే ఒకేలా ఉంటుంది, అర్థం మాత్రం వేరు.

"అమ్మిపెడితే రెండు శాతం." అంటే అమ్మకం జరగాలి.

"పార్టీని తెస్తే రెండు శాతం." అంటే కొనడానికి నిజంగా సిద్ధంగా ఉన్న మనిషిని నిలబెడితే చాలని బ్రోకర్ వాదించగలడు.

"ఈ ప్లాటు వ్యవహారం ముగిస్తే నీది నీకు చూస్తా." ఇదే అన్నింటికంటే ప్రమాదకరం. ముగియడం అంటే ఏమిటో, చూడటం అంటే ఎంతో ఎవరికీ తెలియదు.

ఇంకో రెండు ప్రశ్నలు కూడా వేసుకోండి. బ్రోకర్‌ను పనిలో పెట్టింది ఎవరు? తండ్రి పేరున ఉన్న ప్లాటును కొడుకు చూపించమంటే, తండ్రికి ఆ సంగతి తెలుసా? రెండోది: సొత్తు తీసుకున్న మనిషిని బ్రోకరే తెచ్చాడా, లేక ఇంట్లో మనిషేనా?

ఆ చివరి ప్రశ్న దగ్గరే సగం గొడవలు చల్లారతాయి. కూతురికి తండ్రిని బ్రోకర్ పరిచయం చేయలేదు కదా!

## 4. చట్టం ఎవరి వైపు ఎంత దూరం వస్తుంది

లాయర్ దగ్గరికి పోకముందే తెలిసి ఉండాల్సినవి ఇవి. ఎక్కువ భాగం 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోవే.

219వ సెక్షన్. ప్రత్యేకంగా వేరే ఒప్పందం లేకపోతే, అప్పజెప్పిన పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదు. 'అమ్మిపెట్టు' అన్నారు, అమ్మకం జరగలేదు. కాబట్టి అ రకంలో పూర్తి కమీషన్ అడగడం బ్రోకర్‌కు కష్టం. అదే రెండోదైన 'ఆ' రకంలో 'తీసుకునేవాళ్లను తెచ్చిపెట్టు' అన్నారు, తెచ్చాడు. పని పూర్తయింది. ధర సున్నా అయినా ఆయన కూలి సున్నా కాదు.

70వ సెక్షన్. ఊరికే చేసే ఉద్దేశం లేకుండా ఒకరు సక్రమంగా పని చేస్తే, దాని లాభం ఇంకొకరు అనుభవిస్తే, తగిన పరిహారం ఇవ్వాలి. రేటు మాట్లాడుకోనప్పుడు బ్రోకర్ పట్టుకోవాల్సింది దీన్నే. అయితే ఎదుటి మనిషికి లాభం కలిగిందని చూపించాలి. నాలుగు సార్లు పెట్రోలు పోసుకుని తిరిగినంత మాత్రాన లాభం కలిగినట్టు కాదు.

25వ సెక్షన్. బదులు ఏమీ లేని వాగ్దానం మామూలుగా చెల్లదు. కానీ తన కోసం ఎవరో స్వచ్ఛందంగా ముందే చేసిన పనికి ప్రతిఫలం ఇస్తానని తర్వాత మాటిస్తే అది చెల్లుతుంది. కాబట్టి పని అయిపోయాక మొహమాటానికి "నీకు పదివేలు ఇస్తాలేన్నా" అనేసి, ఆ తర్వాత మాట మార్చకండి. ఇచ్చే ఉద్దేశం లేకపోతే టీ ఇప్పించండి, అంకె చెప్పకండి.

220వ సెక్షన్. ఏజెంటు తన పనిలో దుర్మార్గంగా నడుచుకుంటే ఆ మేరకు ప్రతిఫలం అడగలేడు. మంచి పార్టీని దాచిపెట్టడం, రెండు వైపులా రెండు ధరలు చెప్పడం లాంటివి ఇందులోకి వస్తాయి.

23వ సెక్షన్. ఒప్పందం ఉద్దేశమే చట్టవిరుద్ధమైతే అది చెల్లదు. ఈ రకం, అంటే పేరుకు దానం, ఇక్కడ ఇరుక్కుంటుంది. స్టాంపు డ్యూటీ మీద ప్రభావం చూపే అసలు సంగతులన్నీ దస్తావేజులో రాయాలని 1899 నాటి స్టాంపు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. డబ్బు తీసుకుని దానమని రాయించే ఏర్పాటు చేసిన బ్రోకర్, దాని కమీషన్ కోసం కోర్టు మెట్లెక్కితే ముందు తన గుట్టే బయట పడుతుంది. ఇచ్చినవాళ్ల పరిస్థితీ అంతే. నన్ను అలా రాయమని అడిగేవాళ్లు ఉన్నారు, నేను రాయను.

దానం సరిగ్గా జరిగిందో లేదో కూడా చూసుకోండి. స్థిరాస్తి దానానికి రిజిస్టర్ అయిన పత్రం, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ఎద్దులు, ట్రాలీ, మంచాల్లాంటి చరాస్తి అయితే చేతికి అప్పగిస్తే చాలు. ముస్లిం కుటుంబాల్లో హిబా, అంటే దానం, నోటిమాటతోనూ చెల్లుతుంది. అయితే ఇస్తున్నట్టు చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం అప్పగించడం మూడూ జరగాలి. కడప, కర్నూలు పాతబస్తీల్లో ఈ సంగతి తెలియక "పత్రమే లేదు, దానం ఎక్కడిది" అని వాదించే బ్రోకర్లను చూశాను.

మోటారు బండి లాంటి వాహనాన్ని ఊరికే ఇచ్చినా ఆర్టీవో దగ్గర 29, 30 ఫారాలు తప్పవు. అవి మధ్యవర్తి చేయిస్తే ఆ పనికి కూలి వేరే మాట్లాడుకోవాలి. అది కమీషన్‌లోకి రాదు.

## 5. శాతాన్ని రూపాయల్లోకి దించండి

మన వైపు ప్లాటు, ఇల్లు అమ్మకాలకు ఒక్కో వైపు ఒకటి, రెండు శాతం అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. అది అలవాటే, చట్టం పెట్టిన రేటు కాదు. పేరుకు దానం సంగతి పైన చెప్పాను, మిగతా ఒక్కో రకానికీ లెక్క ఇలా వేయండి.

అ రకం: అమ్మబోయి ఆపేసినది

ఒక ఉదాహరణ. 6 సెంట్ల ప్లాటు, సెంటు 4 లక్షలు, మొత్తం 24 లక్షలు. అమ్మితే రెండు శాతం, అంటే 48,000. బ్రోకర్ ముగ్గురిని తెచ్చాడు. ఎవరితోనూ ధర కుదరలేదు. యజమాని ప్లాటును కూతురికి రాసిచ్చాడు.

బ్రోకర్ ఖర్చుల చీటీ:
- పెట్రోలు: 1,800
- ప్రకటన, ఫ్లెక్సీ: 1,200
- తిరిగిన రోజులు 6, రోజుకు 800: 4,800
- మొత్తం: 7,800

ఈ 7,800 చుట్టూ మాట్లాడుకోవాలి, 48,000 చుట్టూ కాదు. చట్టం బలవంతంగా ఇప్పించే సొమ్ము కాదిది, మర్యాద కోసం ఇచ్చేది. రేపు ఇదే ఊళ్లో ఇంకో ప్లాటు అమ్మాలి కదా.

ధర కుదిరిపోయి, బయానా కూడా పట్టాక యజమాని వెనక్కు తగ్గి ఉంటే సంగతి మారుతుంది. అప్పుడు నేను మెట్ల లెక్క వేస్తాను: పార్టీని తేవడానికి 30 పాళ్లు, ధర కుదర్చడానికి 20, కాగితాలు చూపించి బయానా పట్టించడానికి 20, రిజిస్ట్రేషన్ దాకా నిలబెట్టడానికి 30. పై ఉదాహరణలో బయానా దాకా వచ్చి ఆగితే 70 పాళ్లు, అంటే 33,600. బ్రోకర్ ఎంత గట్టిగా అడిగినా ఇంతకు మించి అడగకూడదనేది నా లెక్క. బేరం అక్కడినుంచి కిందికి నడవాలి. ఇది ఏ చట్టంలోనూ లేదు, ఇద్దరినీ ఒక కాగితం మీదికి తేవడానికి నేను వాడే కొలత మాత్రమే.

తేదీలు కూడా చూడండి. బయానా తిరిగి ఇచ్చిన వారానికే 'బంధువు' పేరున దానం రాసి, ఆ బంధువు మూడు నెలల్లో అదే పార్టీకి అమ్మితే? అది కమీషన్ ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తు. అప్పుడు బ్రోకర్ పూర్తి 48,000 అడగవచ్చు. ఈసీ తీస్తే అంతా కనిపిస్తుంది. అందుకే ఓపికున్న బ్రోకర్లు ఆరు నెలలకోసారి ఈసీ తీసి చూస్తుంటారు. వాళ్లను తప్పుపట్టలేను.

ఆ రకం: తీసుకునేవాళ్లను తెచ్చినది

శాతం మాటే వద్దు. మనిషి, దూరం, రోజులు చూసి గుత్తగా ఒక అంకె వేయండి. మిద్దె దూలాల విషయంలో నేను చూసిన గొడవ ఇది. ఇంటాయన "జాగా ఖాళీ చేయించు, 3,000 ఇస్తా" అన్నాడు. మధ్యవర్తి కలప తీసుకుపోయే మనిషిని తెచ్చి, ఆయన దగ్గర విడిగా 5,000 అడిగాడు. ఆయనేమో "ఊరికే అని పిలిచి 5,000 ఏంది?" అని ట్రాక్టర్ వెనక్కు తిప్పాడు. ఇంటాయన జాగా ఇంకో నెల అలాగే ఉండిపోయింది.

సూత్రం తేలికే: పని చెప్పినవాడే డబ్బు ఇస్తాడు. తీసుకునేవాడి దగ్గర కూడా పుచ్చుకోవాలంటే, సొత్తు చూపించడానికి ముందే ఆయనకు అంకె చెప్పాలి, ఇంటాయనకూ తెలియాలి. దించాక, ఎత్తాక అడిగితే ఇచ్చే బాధ్యత లేదు.

ఎద్దులకూ ఇదే లెక్క. ఎమ్మిగనూరు జాతర సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టి ధర చెప్పుకున్నట్టు గోశాలకు ఇచ్చే జత విషయంలో చేస్తే కుదరదు. లారీ బాడుగ ఎవరిది, దారిలో మేత ఎవరిది, మధ్యవర్తికి ఎంత, మూడూ పైకి చెప్పుకోండి. అద్దె లేకుండా ఇల్లు కాపలాకు ఇచ్చేటప్పుడూ అంతే. నెల అద్దె కమీషన్ అనే లెక్క అక్కడ పనికిరాదు, అద్దే లేదు కాబట్టి.

ఇ రకం: కొసరు

ఇల్లు 32 లక్షలు, మంచాలు, ఇన్వర్టర్, మోటారు ఊరికే. కమీషన్ 32 లక్షల మీదే, రెండు శాతమైతే 64,000. కొసరు విలువ లక్ష ఉంటుందని ఇంకో 2,000 అడగడం కుదరదు. ఆ కొసరు చూపించే కదా బేరం తెగింది, దాని విలువ ధరలోనే కలిసి ఉంది.

తిరగేసి కూడా చూడండి. ఇల్లు 30 లక్షలు, సామాను ఊరికే అని పైకి చెప్పి, సామాను పేరున 2 లక్షలు విడిగా చేతులు మారి ఉంటే, బ్రోకర్ 32 లక్షల మీద అడగడం సబబే.

ఉ రకం: మార్పిడి

ఎవరి సొత్తు విలువ మీద వాళ్లు. ప్లాటు 20 లక్షలు, పొలం 18 లక్షలు, తేడా 2 లక్షలు డబ్బు అనుకుందాం. కమీషన్ ఆ 2 లక్షల మీదేనని యజమానులంటారు. రెండు సొత్తులూ కలిపి 38 లక్షల మీద ఇద్దరూ ఇవ్వాలని బ్రోకర్ అంటాడు. రెండూ తప్పే. ప్లాటాయన 20 మీద, పొలమాయన 18 మీద ఇవ్వాలి. మార్పిడి బేరాల్లో శాతం తగ్గించుకోవడం మామూలే, ఎందుకంటే ఒకే తిరుగుడుతో రెండు వైపులా డబ్బు వస్తోంది.

## 6. కూర్చుని మాట్లాడే వరుస

ఎక్కడ కూర్చుంటారన్నది కూడా ముఖ్యమే. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు టీ బంకు దగ్గర వద్దు, పక్క బ్రోకర్లంతా తలో మాట వేస్తారు. ఎవరో ఒకరి ఇంట్లో, ఇద్దరికీ నచ్చిన ఒక్క పెద్దమనిషితో కూర్చోండి. ముగ్గురు పెద్దమనుషులైతే అది పంచాయితీ అవుతుంది, గెలుపోటముల టెన్షన్ మొదలవుతుంది.

1. మొదట బ్రోకర్‌ను చెప్పనివ్వండి. ఏ తేదీన ఎవరిని తెచ్చాడో అంతా. మధ్యలో అడ్డు తగలకండి.
2. తర్వాత ఇచ్చినవాళ్లు ఎందుకు ఇచ్చారో చెప్పాలి. "మా ఇష్టం" అనకండి. "పాపకు కాపురం కష్టంగా ఉంది, అందుకే ఇల్లు ఇచ్చినాం" అంటే బ్రోకర్ కూడా ఇల్లు వాకిలి ఉన్నోడే, అర్థం చేసుకుంటాడు.
3. ఏ రకం 'ఊరికే'నో ఒప్పుకోండి. ఇక్కడ ఒప్పందం కుదరకపోతే ముందుకు పోవద్దు.
4. ఖర్చుల చీటీ విప్పండి. ఒక్కో వరుస మీద ఒప్పుకున్నది టిక్కు, ఒప్పుకోనిది సున్నా.
5. అప్పుడు మాత్రమే మొత్తం అంకె చెప్పండి. ముందు చెప్పిన అంకె మేకులా దిగుతుంది, ఇంక కదలదు.
6. ఒప్పుకున్న డబ్బు అదే రోజు ఇవ్వండి. ఫోన్‌పేలో పంపితే 'ఫలానా ప్లాటు విషయం ముగింపు' అని నోట్ రాయండి.
7. రసీదు రాయించుకోండి. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం.

బయానా డబ్బు బ్రోకర్ చేతిలోనే ఉంటే ముందు దాన్ని విడిగా తేల్చండి. కమీషన్ తేలేదాకా బయానా ఇవ్వనని పట్టుబడితే, ఆ డబ్బు మూడో మనిషిది, అంటే కొనబోయినవాడిదని గుర్తు చేయండి. ఆయనకు ఈ గొడవతో సంబంధం లేదు.

## 7. కూర్చున్నా తేలకపోతే

రాతపూర్వక నోటీసు. స్పీడ్ పోస్టులో ఒక పేజీ చాలు: ఏ పని, ఏ మాట, ఎంత బాకీ, ఎన్ని రోజుల్లో. లాయర్‌తో ఇప్పిస్తే భాష అదుపులో ఉంటుంది.

లోక్ అదాలత్. నాకు బాగా నచ్చిన దారి ఇదే. కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదిరితే వచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కుదరకపోతే మీ దారి మీకు తెరిచే ఉంటుంది. వివరాలకు 15100 నంబర్‌కు ఫోన్ చేయండి.

సివిల్ కోర్టు. డబ్బు బాకీ దావాకు మూడేళ్ల గడువు. 8,000 కోసం కోర్టుకు పోవద్దని మాత్రం ఎవరడిగినా చెబుతాను.

పోలీస్ స్టేషన్. కమీషన్ వసూలు పోలీసుల పని కాదు. కానీ ఇంటి ముందుకు మనుషులను తెచ్చి బెదిరిస్తే అది వేరే సంగతి, అది భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కిందికి వచ్చే నేరపూరిత బెదిరింపు. రెండింటినీ కలిపి ఫిర్యాదు రాయకండి. బెదిరింపు గురించి మాత్రమే రాయండి.

కొత్త వెంచర్‌లో ప్లాటు అయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) సంగతి కూడా చూడండి. రెరాలో రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో అమ్మకాలు చేయించే ఏజెంటు తనూ రెరాలో రిజిస్టర్ కావాలి. పాత ప్లాటు మళ్లీ అమ్మకానికి తిరిగే మామూలు బ్రోకర్‌కు ఈ మాట వర్తించదు, కాబట్టి అక్కడ "నీకు రెరా నంబర్ ఉందా?" అని గద్దించడం ఉపయోగం లేని పని.

## 8. తరచూ చేసే తప్పులు, దిద్దుకునే దారి

'2 శాతం' అని మాత్రమే రాయడం. ఈ తప్పు నేనే చేశాను. కొత్తలో ఒక చీటీలో 'కమీషన్ 2 శాతం' అని రాసి సంతకాలు పెట్టించాను. దేని మీద, ఎప్పుడు, ఎవరు అనేవి లేవు. ఇల్లు అమ్మకం కాకుండా మనవడి పేరు మీదికి పోయింది. రెండు నెలలు ఇద్దరూ నా బల్ల దగ్గరికే వచ్చి అరుచుకున్నారు. అలాంటి చీటీ మీ దగ్గర ఉంటే, గొడవ రాకముందే దాని వెనక నాలుగు వరుసలు చేర్చి మళ్లీ సంతకాలు చేయించండి.

మనసు మారిన సంగతి బ్రోకర్‌కు చెప్పకపోవడం. ఆయన ఆదివారం కూడా పార్టీని ఎక్కించుకుని వస్తాడు. మానుకున్న రోజే మెసేజ్ పెట్టండి: 'ఈ ప్లాటు అమ్మడం లేదు, ఇక ఎవరినీ తేవద్దు.' ఆ తేదీ తర్వాతి తిరుగుడు మీ లెక్కలోకి రాదు.

ముగ్గురు బ్రోకర్లకు చెప్పి, ఒకరి సంగతి ఇంకొకరికి దాచడం. ఊరికే ఇచ్చాక ముగ్గురూ వస్తారు. ముగ్గురినీ విడివిడిగా కాకుండా ఒకేసారి పిలవండి.

బ్రోకర్ తానే తీసుకోవడం. "ఎవరూ రాలేదు, ఆ ట్రాలీ నేనే తీసుకుపోతాలే" అని తీసుకుపోయి, తర్వాత కమీషన్ అడుగుతాడు. తీసుకున్నవాడూ మధ్యవర్తీ ఒకరే అయినప్పుడు కమీషన్ లేదు. భార్య పేరున తీసుకున్నా అంతే.

పన్ను మరిచిపోవడం. బంధువులు కానివారి నుంచి స్థలం ఊరికే వచ్చి, దాని స్టాంపు విలువ 50,000 దాటితే తీసుకున్నవారి ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. ఆడిటర్‌ను ముందే అడగండి.

## 9. ముందే రాసుకోవాల్సిన మాదిరి చీటీ

తెల్లకాగితమైనా ఫరవాలేదు, వంద రూపాయల స్టాంపు పేపరైతే ఇద్దరికీ కాస్త భయం ఉంటుంది. ఖాళీలు నింపుకోండి:

> ........ సర్వే నంబరులోని ........ సెంట్ల ప్లాటు అమ్మకానికి పార్టీని తెచ్చే పని ........ గారికి ........ తేదీన అప్పగించడమైనది. గడువు 6 నెలలు.
>
> 1. అమ్మకం రిజిస్ట్రేషన్ అయిన రోజున, దస్తావేజులో రాసిన ధర మీద ........ శాతం నేను ఇస్తాను. కొనేవారి దగ్గర తీసుకునేది నాకు తెలియజేయాలి.
>
> 2. అమ్మడం మానుకుని కుటుంబంలోని వారికి దానంగా ఇస్తే శాతం వర్తించదు. అప్పటిదాకా అయిన ఖర్చుల కింద గుత్తగా రూ. ........ ఇస్తాను.
>
> 3. బయానా పుచ్చుకున్న తర్వాత నేను మానుకుంటే రూ. ........ ఇస్తాను.
>
> 4. మీరు చూపించిన పార్టీకి గానీ, వారి మనిషికి గానీ, ఏ పేరుతో సొత్తు చేరినా, చూపించిన తేదీ నుంచి సంవత్సరం లోపు అయితే పూర్తి కమీషన్ ఇస్తాను.
>
> 5. ఇంటితో పాటు ఇచ్చే సామానుకు విడిగా కమీషన్ లేదు.
>
> 6. మానుకున్న సంగతి మెసేజ్ ద్వారా తెలిపిన రోజుతో ఈ అప్పగింత ముగుస్తుంది. నాలుగో అంశం మాత్రం ఆ తర్వాతా నిలుస్తుంది.
>
> ఇద్దరి సంతకాలు, ఒక సాక్షి సంతకం, తేదీ.

రెండో అంశం చూసి కొందరు యజమానులు వెనకాడతారు. అమ్మకముందే దానం మాట ఎందుకంటారు. నాలుగోది చూసి కొందరు బ్రోకర్లు సంవత్సరం చాలదు, రెండేళ్లు పెట్టమంటారు. పట్టువిడుపులు అక్కడే చేసుకోండి. ఆ రకానికి, అంటే తీసుకునేవాళ్లను వెతకమనేటప్పుడు, ఈ ఆరు అంశాలూ అక్కర్లేదు. 'ఫలానా వస్తువు, ఫలానా తేదీ లోపు ఖాళీ చేయిస్తే రూ. ........ నేను ఇస్తాను, తీసుకునేవారి దగ్గర రూ. ........ తీసుకోవచ్చు / తీసుకోకూడదు' అని ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టి, అవతలి నుంచి 'సరే' అని రాయించుకుంటే చాలు. బొటనవేలి ఇమోజీ ఒక్కటే పెట్టి వదిలేస్తే మళ్లీ ఫోన్ చేసి 'సరే' అని రాయమనండి.